పదో రీలు

ఆ కాలమే బాగుండేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం బాగుండేది? దోమలు బాగుండేవా, చలిజ్వరాలు బాగుండేవా? వానాకాలంలో భద్రాచలం రోడ్డు మీద వాగు పొంగితే అటు బస్సు అటే, ఇటు బస్సు ఇటే. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుపోయేవాళ్ళు. ఆ రోజుల్లో మాకున్న సంబరం ఒక్కటే, మా ఊరి రేకుల టాకీసు. దాన్ని కూడా నేను ప్రేమగా తలచుకోను, కోపంతోనే తలచుకుంటాను. అక్కడ ఆడిన ఒక సినిమా పేరు చెప్పి నన్ను పదిహేడేళ్ళు మోసం చేశారు. (చేసింది సినిమా వాళ్ళు కాదు, మా ఆయన.) నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, కాబట్టి చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు మాత్రం రాస్తుంటేనే పళ్ళు బిగుసుకుంటున్నాయి.

టాకీసంటే పెద్ద భవనం అనుకోకండి. పైన రేకులు, చుట్టూ అడవి వెదురుతో అల్లిన తడికలు. లోపల నేల, నేల వెనక బెంచీలు, బెంచీల వెనక టాకీసు నడిపే షావుకారు చుట్టాలకు నాలుగు కుర్చీలు. ఆడవాళ్ళకు ఒక పక్కన నడుమెత్తు తడిక కట్టి వేరే చోటు ఉండేది. ఆ చోటికి వేరే గేటు, ఆ గేటు దగ్గర టికెట్లు చించేదాన్ని నేను. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే మేనత్త తీసుకొచ్చి పెంచింది. అత్త టాకీసు ముందు మిరపకాయ బజ్జీలు వేసేది. ఆమె కొడుకు, అంటే మా బావ, ఆ టాకీసులో ఆపరేటరు. నాకూ బావకూ పెళ్ళి అనేది ఎవరూ కూర్చుని మాట్లాడిన సంగతి కాదు, నేను పావడా కట్టిన రోజుల నుంచీ అందరూ అనుకుంటున్న సంగతే. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే అవుననే చెప్పేదాన్నేమో, అయినా అడగాలి కదా.

బావ ఎనిమిదో తరగతి దాకా చదివాడు. ఆ ఎనిమిది తరగతులనూ తల మీద కిరీటంలా పెట్టుకుని తిరిగేవాడు. చొక్కా జేబులో పెన్ను, కేబిన్ గోడకు అద్దం, అద్దం పక్కన దువ్వెన. మా టాకీసులో మిషను ఒక్కటే కాబట్టి ఒక రీలు అయిపోగానే ఆట ఆగి లైట్లు వెలిగేవి. ఇంకో రీలు ఎక్కించేలోపు జనం బీడీలు కాల్చుకునేవాళ్ళు, అత్త బజ్జీలు తెప్పించుకునేవాళ్ళు. ఆ సందులో బావ మైకు అందుకునేవాడు. ‘ప్రేక్షక మహాశయులకు మనవి’ అని మొదలుపెట్టేవాడు. ఇంట్లో మంచినీళ్ళు కావాలంటే చెంబు వైపు చూపించి ఊరుకునే మనిషికి, మైకు దొరికితే ఎక్కడలేని మాటలూ వచ్చేవి. (ఆ మైకు సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత దానితో పని ఉంది.)

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ఒక శ్రావణ మాసంలో, ఊరూరా దండోరా వేయించి మరీ షావుకారు ఒక దేవుడి సినిమాకు ఏర్పాటు చేశాడు. గూడేల నుంచి, వ్యవసాయం ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారు. తెర మీద దేవుడు కనిపించగానే హారతి ఇద్దామని కొందరు కర్పూరం కూడా కొంగున కట్టుకొచ్చారు. ఆఖరి బస్సులో రీళ్ళ పెట్టె దిగింది. బస్సు వెళ్ళిన అరగంటకు వాగు రోడ్డెక్కింది. పర్ణశాల చూద్దామని వచ్చిన యాత్రికుల బస్సు కూడా మా ఊళ్ళోనే నిలిచిపోయింది. అప్పుడు పెట్టె మూత తీశారు. లోపల పది డబ్బాలు ఉన్నాయి. డబ్బాల మీద అంతా ఇంగ్లీషు. పైన ఒక తెల్లపిల్ల బొమ్మ.

“ఏందిరా ఇది?” అన్నాడు షావుకారు.

“ఇంగ్లీషు సినిమా షావుకారూ. పెట్టె మారినట్టుంది.”

“దేవుడున్నడా అందుల?”

“ఉండడు.”

“పోనీ ఫైటింగులు?”

“బొమ్మ చూస్తే లేనట్టే ఉంది.”

“మరింకేముందిరా?”

“ప్రేమ ఉంటది షావుకారూ” అన్నాడు బావ, సిగ్గుపడుతూ.

“గీ వానల, గీ బురదల, కర్పూరం కట్టుకొచ్చినోళ్ళకు ప్రేమ చూపియ్యమంటవా?” అని షావుకారు తల పట్టుకున్నాడు. కానీ ఏం చేస్తాడు, ఇంకో పెట్టె రావాలంటే వాగు దిగాలి.

పెట్టె అడుగున ఒక కాగితాల కట్ట దొరికింది. పట్నాల్లో పొద్దుటాటకు పంచడానికి తెలుగులో అచ్చేసిన కథ అది. సినిమాకు అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, కాగితం మీద మాత్రం ‘పైవాటా పిల్ల – కిందివాటా దొర’ అని ఎవరో తెలుగు పేరు పెట్టారు. బావకు ప్రాణం లేచొచ్చింది. కట్టంతా కేబిన్‌లోనే పెట్టుకుని, రీలుకూ రీలుకూ మధ్య తాను ఆ కాగితం చూసి మైకులో కథ చెబుతానన్నాడు. జనం కర్పూరం కొంగులోనే ఉంచుకుని కూర్చున్నారు.

జనం లోపలికి వెళ్ళాక కేబిన్‌లోకి డబ్బాలు అందించడం కూడా నా పనే. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. టికెట్లు చించేదానికి అంకెలు రాకపోతే ఎట్లా? ఒకటో డబ్బా ఇచ్చాను, రెండోది ఇచ్చాను, మూడోది ఇచ్చాను. మూడోది చేతికివ్వబోయేసరికి బావ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. ‘ఆడ పెట్టు’ అన్నాడు. పెట్టాను. పక్కనే నాలుగోది కూడా పెట్టి గేటు దగ్గరకు వచ్చేశాను. ఆయన దువ్వుకోవడం పూర్తి చేసి చేతికందిన డబ్బా ఎత్తి మిషనుకు ఎక్కించాడు. అది నాలుగోది.

రెండో రీలులో పైవాటా పిల్ల, కిందివాటా దొర ఇంకా ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. తర్వాతి రీలు మొదలవగానే ఆ పిల్ల పూలకుండీ ఎత్తి అతని నెత్తి మీదికి వదిలింది. జనం నోళ్ళు తెరిచారు. ఆ వెనక రీలులో ఇద్దరూ వంగి వంగి నమస్కారాలు చేసుకుంటూ ‘మీ పేరేమి, మీదే ఊరు’ అన్నట్టు నవ్వుకుంటున్నారు. ఈలలు మొదలయ్యాయి. “ముందుగాల కుండేసి కొట్టింది, తర్వాత నవ్వుతుంది, ఇది మా ఇంట్ల కథే గదరా!” అని నేల మీద నుంచి ఒకడు అరిచాడు. తడికలు ఊగిపోయేలా నవ్వులు. షావుకారు చేతికర్ర పట్టుకుని కేబిన్ మెట్ల దగ్గరకు పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను.

“ఎవడు జేసిండ్రా గీ పని?”

బావ నా వైపు చూడలేదు. “చదువురాని పిల్ల చేతికి డబ్బాలిస్తే గిట్లనే ఉంటది షావుకారూ. మూడోది అనుకుని నాలుగోది ఇచ్చింది” అన్నాడు.

“బావా! నేను మూడోది నువ్వు పెట్టమన్న కాడ పెట్టలే?” అన్నాను.

“నీకు డబ్బా మీద రాసింది చదవొస్తదా?” అన్నాడు. నాకు రాదు. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడింది. అంకెలు వచ్చని, మూడంటే మూడేనని అరవాలని ఉంది. “రేపటిసంది నువ్వు గేటు కాడ నిలబడకు” అన్నాడు షావుకారు. ఈ ముక్క రాస్తుంటే పెన్ను కాగితంలోకి దిగిపోతోంది.

అంతటితో అయిపోలేదు. తొమ్మిదో రీలు చివర ఆ పిల్ల పెట్టె పట్టుకుని రైలెక్కబోతోంది. అతను ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టి మెడ ఇటు తిప్పింది. అంతే, రీలు అయిపోయింది. పదో డబ్బా ఎక్కించారు. తెర నిండా వరినాట్లు. మోకాలి లోతు బురదలో వరసగా ఆడవాళ్ళు, ఎకరానికి ఎరువు ఎంత వేయాలో గంభీరంగా చెబుతున్న ఒక గొంతు. పెట్టె సర్దినవాడెవడో పదో రీలు బదులు సర్కారు వారి వ్యవసాయం బొమ్మ పెట్టి పంపాడు. “పొద్దంత నాట్లేసి వచ్చినం, ఈడ గూడ నాట్లేనా!” అని ఆడవాళ్ళు లేచి తడిక మీద కొట్టడం మొదలుపెట్టారు. ఆ గోలలో మైకు ఎవరికీ వినపడదు కాబట్టి, రేపటి ఆటలో చివరి కథ మైకులో చెప్పిస్తానని షావుకారు దండం పెడితే గానీ కదలలేదు.

మర్నాడు నాకు గేటు లేదు. అందుకని జీవితంలో మొదటిసారి ఒక సినిమాను మొదటి నుంచీ ఆడవాళ్ళ మధ్య కూర్చుని చూశాను. (రీళ్ళు ఆ రోజు సరైన వరసలో వచ్చాయి. మరి ఆ రోజు దువ్వెన ఇంట్లో మరిచిపోయాడేమో.) ఎంత కోపంతో కూర్చున్నానో చెప్పలేను, అయినా ఆ సినిమా నన్ను లాక్కుంది. ఆ పిల్లకు మెడ దాకా కత్తిరించిన జుట్టు, నెత్తి మీద బోర్లించిన గిన్నె లాంటి టోపీ, టకటకలాడే జోళ్ళు. పైవాటాలో మొక్కలకు నీళ్ళు పోస్తే కిందివాటా దొర చదువుకుంటున్న పేపరు మీద కారుతాయి. అతను చీపురు కర్రతో పైకప్పు పొడుస్తాడు. ఆమె పైన కాళ్ళతో దబదబా తంతుంది. అతను ఒక మాట అంటాడు, ఆమె రెండంటుంది. నాకు ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు, ఆ అడవి పల్లెల్లో ఎవరికీ రాదు. అయినా మాట ఎక్కడ తగిలిందో ముఖం చూస్తే తెలిసిపోతుంది. అన్నిటికంటే నన్ను పట్టేసింది ఏమిటంటే, ఆమె ఎదురు మాట్లాడిన ప్రతిసారీ అతని కళ్ళు కొంచెం వెలుగుతాయి. ఎదురు చెప్పిందని కొట్టడు. ‘చదువురానిదానివి’ అనడు. ఆమె ఇంకో మాట అంటే బాగుండునన్నట్టు అక్కడే నిలబడతాడు. లోకంలో ఇట్లాంటి మగవాడు ఎక్కడైనా ఉంటాడా అని నేను మెడ తిప్పి కేబిన్ కిటికీ వైపు చూశాను. అక్కడ ఒకడు మైకు తుడుచుకుంటున్నాడు.

నా పక్కన ఒక గూడెం ముసలమ్మ కూర్చుంది. కొండచీపుళ్ళు అమ్ముకుని పోదామని వచ్చి వాగుకు ఆగిపోయింది. ఆమెకు మా తెలుగే అంతంత మాత్రం. తెర మీది పిల్లను చూసి నా తొడ మీద చరిచి, “ఈ పిల్ల వంగదు” అన్నది. నేను “వంగదవ్వా” అన్నాను. ఆ రెండు గంటలూ నాకు అదే ధైర్యం.

తొమ్మిదో రీలు అయింది. పిల్ల మెడ తిప్పింది. లైట్లు వెలిగాయి. బావ మైకు అందుకున్నాడు.

“ప్రేక్షక మహాశయులకు మనవి. పదో రీలు రానందున చివరి కథ కాగితం చూసి చెప్పబడుతుంది. ఆ పిల్ల రైలు దిగి ఉరుకుకుంట వచ్చి, తప్పంతా నాదే, నన్ను మన్నించుమని ఆ దొర కాళ్ళు పట్టుకున్నది. దొర మంచివాడు గనుక మన్నించిండు. ఇద్దరికీ లగ్గమయ్యింది. శుభం.”

నేను లేచి నిలబడ్డాను. “అబద్ధం!” అన్నాను. తడిక అవతల మగవాళ్ళందరూ తిరిగి చూశారు. “తొమ్మిది రీళ్ళు వంగనిది పదో రీలుల ఎందుకు వంగుతది? కుండేసి కొట్టిన పిల్ల కాళ్ళు పట్టుకుంటదా?”

“కాగితంల ఉంది” అన్నాడు బావ మైకులోనే. “వస్తే చదువుకో.”

జనం నవ్వారు. ముసలమ్మ ఒక్కతే నవ్వలేదు. నేను కేబిన్ మెట్ల దగ్గర జారిపడి ఉన్న కథ కాగితం ఒకటి తీసుకుని బయటికి వచ్చేశాను. దాని మీద ఆ పిల్ల బొమ్మ ఉంది. టోపీ పక్కకు ఒరిగి ఉంది, మూతి మీద నవ్వు. దాని కింద వరసల వరసల చీమలు. ఆ చీమల్లో ఎక్కడో ఆమె వంగిందని రాసి ఉందట.

మర్నాడు పొద్దున్నే అత్త బజ్జీల పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టుకుంది. “చూడు బిడ్డా, షావుకారుతోటి నేను మాట్లాడిన. నువ్వు తప్పయిందంటే గేటు మళ్ళ నీదే. దసరా పోంగనే లగ్గం గూడ పెట్టుకుందం. ఒక్క మాట. నోరు అరిగిపోతదా?”

“తప్పు నాది కాదత్తా. నీ కొడుకు తల దువ్వుకుంట నాలుగోది ఎక్కిచ్చిండు.”

“మగోడు నలుగుట్ల ఒప్పుకుంటడా బిడ్డా? అంత టోపీ పెట్టుకున్న తెల్లపిల్ల, అంత ఇంగ్లీషు వచ్చిన పిల్ల, అదే కాళ్ళు పట్టుకున్నదట. నువ్వెంత, నేనెంత?”

“పట్టుకోలేదు!”

“కాగితంల ఉందంట గదనే.”

మా ఇద్దరి మాటల్లో పడి ఒక వాయి బజ్జీలు మాడిపోయాయి. అత్త ఆ మాడిన బజ్జీలను చూసి ఏడ్చింది. నన్ను పెంచిన మనిషి, నా కోసం ఎప్పుడూ ఏడవని మనిషి బజ్జీలకు ఏడుస్తుంటే చూడలేకపోయాను. అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి నేనెవరిని అనుకున్నాను. లేచి కేబిన్ మెట్లెక్కాను. బావ మిషనుకు నూనె వేస్తున్నాడు. “తప్పయింది బావా” అన్నాను. ఆయన మెడ కూడా తిప్పలేదు. “సరే తియ్యి” అన్నాడు.

సరే తియ్యి! మూడు ముడులు వేసినవాడే, ముగ్గురు పిల్లల తండ్రే, మనిషి చెడ్డవాడు కాదు, తాగడు, చెయ్యెత్తడు. అన్నీ నిజమే. కానీ ఆ ‘సరే తియ్యి’ నా చెవిలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. పైగా ఇంట్లో ఎప్పుడు మాటా మాటా పెరిగినా ఆయన చివరికి వేసే అస్త్రం ఒకటే. “ఆ తెల్లపిల్ల ఏం జేసింది? కాగితంల ఉందా లేదా?” పప్పులో ఉప్పు ఎక్కువైనా కాగితమే, పిల్లకు ఏ ఊరి సంబంధం చూడాలన్నా కాగితమే. నేను ఆ కాగితాన్ని పెళ్ళి చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాను. అప్పుడప్పుడు తీసి ఆ బొమ్మను తిట్టేదాన్ని. “ఎందుకు వంగినవే? ఇంకొక్క రీలు ఆగలేకపోయినవా?” ఎవరి చేతనైనా చదివించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. చదివిస్తే, నిజంగానే ఉందని తేలితే? అదొకటి. ఇంకొకరి ముందు ఆ కాగితం చాచడమంటే నాకు చదువు రాదని ఇంకోసారి ఒప్పుకోవడం. ఒకసారి ఒప్పుకుంటే ఏమైందో చూశాను కదా.

టీవీలు వచ్చాయి, వీడియోలు వచ్చాయి, టాకీసు తడికలు చెదలు పట్టాయి. మా ఆయన పాత ఆంప్లిఫయరు, నాలుగు హారన్లు కొనుక్కుని మైకు సెట్టు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకు, జాతర్లకు కిరాయికి ఇచ్చేవాడు. తొంభైల మొదట్లో మా ఊళ్ళో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే సాయంత్రం బడి పెట్టారు. పాఠం చెప్పే పంతులమ్మ మా పెద్దపిల్ల కంటే రెండు మూడేళ్ళు పెద్దది, అంతే. మొదటి రోజు అందరినీ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పమంది. ఒకామె సంతకం కోసమంది, ఇంకొకామె బస్సు బోర్డుల కోసమంది. నా వంతు వచ్చింది. “మా ఆయన గల్లా పట్టుకోనీకి” అన్నాను. పంతులమ్మ రిజిస్టరులో ‘కుటుంబ అవసరాలు’ అని రాసుకుంది.

ఏడు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన గోంగూర కలుపుకుని అన్నం తింటున్నాడు. నేను ట్రంకు పెట్టె తీసి, ఆ కాగితం పట్టుకుని ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

“ఏం జదువుతున్నవ్?” అన్నాడు.

“నీ జాతకం” అన్నాను.

వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదివాను. మొక్కలకు నీళ్ళు పోయడం ఉంది. చీపురు కర్ర ఉంది. మూడో రీలు నవ్వులు, నాలుగో రీలు కుండీ ఆ వరసలోనే ఉన్నాయి. ఆమె ఉద్యోగం పోవడానికి కారణం ఆ కిందివాటా దొర ఆడిన ఒక అబద్ధమేనని కూడా ఉంది! తెర మీద మాకు అర్థం కాని సంగతి, మా ఆయన మైకులో చెప్పకుండా మింగేసిన సంగతి. చివరి వరస రెండుసార్లు కూడబలుక్కున్నాను. ‘రైలు కదలబోవుచున్నది. ఆమె అతనిని క్షమించునా? ఇరువురును ఒక్కటగుదురా? శేషం వెండితెరపై చూడుడు.’

అంతే. ఆ కింద తెల్ల కాగితం.

తిరగేసి చూశాను. వెనక ఏదో పళ్ళపొడి ప్రకటన ఉంది. కాళ్ళు పట్టుకోవడం ఎక్కడా లేదు. మా ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

“చదువు బాగనే వచ్చింది నీకు” అన్నాడు మెల్లగా.

“కాళ్ళు పట్టుకున్నది ఏ లైన్ల ఉంది? వేలు పెట్టి చూపియ్యి.”

“...లేదు.”

“మూడో రీలు?”

కంచం పక్కకు జరిపాడు. “నేనే. షావుకారు కర్ర పట్టుకుని వచ్చిండు. భయమైంది.”

“అది మూడో రీలు సంగతి. పదోది?”

“నువ్వు గేటు కాడ లేకుంటే నాకు మిషను మీద చెయ్యి నిలవలే. ఎట్లన్న నువ్వు తిరిగి రావాలె. నేనొచ్చి తప్పయిందందామంటే నోరు రాలే. అందుకే గా పిల్లతోటి చెప్పిచ్చిన.”

ఇది వినగానే నేను కరిగిపోయానని మీరు అనుకుంటే సినిమాలు ఎక్కువ చూస్తారని అర్థం. నేను కరగలేదు. నాకు ఇంకా మండింది. తనకు నోరు రాకపోతే, నోరున్న ఆడపిల్ల నోరు నొక్కి నాకు చూపిస్తాడా? ఆ పిల్లను పదిహేడేళ్ళు వంగబెట్టి ఉంచాడు. ఆమెతో పాటు నన్నూ. “అబద్ధం మైకుల జెప్పినవ్. నిజం గూడ మైకులనే జెప్పు” అన్నాను.

“పిచ్చా నీకు? ఊరంత వింటది!”

“ఆనాడు ఊరంత వినలే?”

తొమ్మిది రోజులు గడిచాయి. అన్నం పెట్టాను, నీళ్ళు పెట్టాను, ఒక్క మాట పెట్టలేదు. మూడో రోజు ఆయన సంత నుంచి పూలు తెచ్చాడు, దేవుడి పటానికి వేశాను. ఐదో రోజు జ్వరమన్నాడు, మాత్ర ఇచ్చాను. ఎనిమిదో రోజు అత్తను రాయబారం పంపాడు. “ఏందే మీ లొల్లి ఈ వయసుల?” అంది అత్త. “సినిమా ఇంక అయిపోలేదత్తా” అన్నాను.

పదో రోజున మా సాయంత్రం బడిలో మాకు చదువు పట్టాలిచ్చే సభ. మైకు సెట్టు మా ఆయనదే. మధ్యాహ్నమే వెళ్ళి బడి చుట్టూ నాలుగు దిక్కులకూ నాలుగు హారన్లు కట్టాడు. నేను ఇంట్లో పొయ్యి మీద చారు కలుపుతున్నాను. హారన్లు గరగరలాడాయి. “హలో, హలో. మైక్ టెస్టింగ్. వన్, టూ, త్రీ.” త్రీ దగ్గర ఆగిపోయింది. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు ఊరంతా వినిపించింది.

“ప్రేక్షక మహాశయులకు మనవి.” (ఎదురుగా రంగు కాగితాలు అంటిస్తున్న పంతులమ్మ, రెండు మేకలు తప్ప ప్రేక్షకులు లేరట.) “వెనకట మన టాకీసుల ఒక ఇంగ్లీషు సినిమాకు మూడో రీలు బదులు నాలుగో రీలు ఎక్కిచ్చింది ఆపరేటరే. గేటు కాడి పిల్లది తప్పు లేదు. పదో రీలు ఆపరేటరు చూడలే. చూసినట్టు చెప్పిండు. తప్పయింది.”

కాసేపు గరగర. “మళ్ళొకసారి మనవి. తప్పయింది.”

వాకిట్లో మంచం మీద పడుకున్న అత్త లేచి కూర్చుంది. “ఎవడే వాడు? ఏం తప్పు జేసిండంట?”

“నీ కొడుకే అత్తా. మూడో రీలు సంగతి.”

అత్త నొసలు కొట్టుకుంది. “గా రోజే చెప్పి చస్తే నా వాయి బజ్జీలు మాడకపోవు గద!” అని మళ్ళీ పడుకుంది.

కొంతసేపటికి మా ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చెమటకు చొక్కా తడిసి ఉంది. పదిహేడేళ్ళుగా నేను దాచుకున్న మాట ఒకటి నా నాలుక చివర సిద్ధంగా ఉంది. గరిటె తిప్పుతూనే అన్నాను, “సరే తియ్యి.” అన్నాను గానీ మెడ తిప్పకుండా ఉండలేకపోయాను. రైలు మెట్టు మీద ఆ పిల్ల తిప్పినట్టే తిరిగింది నా మెడ. ఈసారి వరినాట్లు రాలేదు. ఆయన ముఖం వచ్చింది. బడిలో తప్పు చెప్పిన పిల్లవాడి ముఖంలా ఉంది, కళ్ళు మాత్రం కిందివాటా దొర కళ్ళలా కొంచెం వెలుగుతున్నాయి, నేను ఇంకో మాట అంటే బాగుండునన్నట్టు. చాలా మాటలు అన్నాను. అన్నీ ఇక్కడ రాయను.

సభ నుంచి వచ్చాక ఆ కాగితం తీశాను. ‘శేషం వెండితెరపై’ కింద తెల్లగా ఉన్న జాగాలో పెన్సిల్‌తో రాశాను. పుస్తకం చూడకుండా, పంతులమ్మ చెప్పకుండా నేను సొంతంగా రాసిన మొదటి వాక్యం అదే. ‘దొర వచ్చి తప్పయిందన్నాడు. పిల్ల సరే తియ్యి అన్నది.’

ఈమధ్య మా మనవరాలు ఆ కాగితం చూసి, “అమ్మమ్మా, సినిమా అసలు పేరు చెప్పు, ఫోన్లో ఇప్పుడే చూపిస్త” అన్నది. అసలు పేరు ఎవరికి తెలుసు? తెలుగు పేరు పెట్టినవాడి మీద ముందు కోపమొచ్చింది. తర్వాత పోనీలే అనిపించింది. ఒకవేళ నిజంగానే ఆ పిల్ల చివరికి వంగి ఉంటే? మళ్ళీ పోట్లాట మొదలుపెట్టాలి. నాకు ఓపిక ఉంది గానీ మా ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. ఇప్పటికీ పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు ఆయన నోరు అలవాటుగా “కాళ్ళు పట్టుకు...” దాకా వెళుతుంది. నేను లోపలి నుంచి “ఏ రీలూ?” అని కేకేస్తాను. ఆ ఒక్క కేక మాత్రం ఎట్లా వినిపిస్తుందో వినిపిస్తుంది, కథ మార్చేస్తాడు.

అసలు ఇదంతా రాయడానికి కూర్చున్నది గేటు దగ్గర నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ళ పిల్లను నాలుగు తిట్టాలని. చెయ్యని తప్పుకు మెట్లెక్కి వెళ్ళి తప్పయిందన్నందుకు. తిడదామని ఇంతదూరం వచ్చి చూస్తే, అది చేతిలో గేటు టికెట్లు కూడా లేకుండా, అక్షరం ముక్క రాకుండా, ‘అబద్ధం!’ అని అంత జనంలో లేచి అరిచి నిలబడి ఉంది. చదివినవాడి కంటే అదే సరిగ్గా చదివింది. ఇంకేం తిడతాను? టోపీ ఒక్కటే తక్కువ దానికి.